విశ్వవిద్యాలయంలో వైకల్యం గల విద్యార్థులకు, ఉద్యోగులకు సమాన అవకాశం: ఏ పని ముందు, ఏది తర్వాత

వైకల్యం గల విద్యార్థులు, ఉద్యోగులు తక్కినవారితో సమానంగా చదువుకోవాలన్నా, పనిచేయాలన్నా విశ్వవిద్యాలయంలో ఏమేమి మార్చాలి, ఆ పనిని ఎవరు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అధ్యాపకులు, పాలనా సిబ్బంది తరచూ అడుగుతున్నారు. చాలాచోట్ల ఈ పని ప్రధాన భవనం ముందు ఒక ర్యాంపు కట్టడంతో మొదలై అక్కడితోనే ముగుస్తోంది. ఈ మార్గదర్శిలో ప్రతి ఏర్పాటునూ నేను ఒకే కొలమానంతో చూస్తున్నాను: దాన్ని ఆ వ్యక్తి ఎవరినీ బతిమాలుకోకుండా, తక్కినవారితోపాటు అదే సమయానికి వాడుకోగలగాలి. అలా వాడుకోలేని సౌకర్యం నివేదికలో ఎంత ఘనంగా కనిపించినా లేనట్టే లెక్క.

1. ముందుగా తేల్చుకోవలసినవి: బాధ్యత, అధికారం, డబ్బు

భవనాల జోలికి వెళ్లేముందు ఈ పనికి ఒక బాధ్యుడిని నియమించాలి. ఆ వ్యక్తి నేరుగా ఉపకులపతికి గాని రిజిస్ట్రార్‌కు గాని జవాబుదారీగా ఉండాలి. పరీక్షల విభాగానికి, ఇంజినీరింగ్ విభాగానికి, గ్రంథాలయానికి, కంప్యూటర్ కేంద్రానికి ఆదేశం ఇవ్వగల అధికారం ఆయనకు ఉండాలి. ఇప్పటికే నాలుగు పనులు మోస్తున్న జూనియర్ అధ్యాపకుడికి ఐదోదిగా దీన్ని అప్పగిస్తే, ఆయన ఎంత మంచి మనిషైనా ఉత్తరాలు రాయడం తప్ప మరేమీ చేయలేరు.

తర్వాత ఒక సంఘాన్ని ఏర్పాటు చేయాలి. అందులో వైకల్యం గల విద్యార్థులు, బోధనా సిబ్బంది, బోధనేతర సిబ్బంది కలిసి సగానికి తగ్గకుండా ఉండాలన్నది నా అభిప్రాయం. ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన వైకల్యం గల వ్యక్తుల హక్కుల ఒప్పందం కూడా, వారికి సంబంధించిన నిర్ణయాల్లో వారిని సంప్రదించాలని 4వ అధికరణంలో చెబుతోంది. ఒకే ఒక విద్యార్థిని ప్రతినిధిగా కూర్చోబెడితే సరిపోదు. చూపు లేని వ్యక్తికి కావలసినవి, చెవులు వినిపించని వ్యక్తికి కావలసినవి, మూర్ఛ వ్యాధి లేదా దీర్ఘకాలిక నొప్పి ఉన్న వ్యక్తికి కావలసినవి ఒక్కటి కావు. కంటికి కనిపించని వైకల్యాలు గలవారు, అంటే డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), ఆటిజం, మానసిక అనారోగ్యం వంటివి ఉన్నవారు, తప్పనిసరిగా సంఘంలో ఉండాలి. వారి సమయానికి గౌరవ వేతనం గాని పనిగంటల్లో మినహాయింపు గాని ఇవ్వాలి.

డబ్బు విషయం మొదటి సమావేశంలోనే తేల్చాలి. ఏర్పాట్ల ఖర్చంతా విశ్వవిద్యాలయ కేంద్ర నిధి నుంచి రావాలి, శాఖల ఖాతా నుంచి కాదు. సంజ్ఞా భాషా అనువాదకుల ఖర్చు శాఖ మీద పడితే, తర్వాతి ఏడాది ఆ శాఖ బధిర విద్యార్థిని చేర్చుకోవడానికి వెనుకాడుతుంది. నియామకాల్లోనూ అదే జరుగుతుంది. ఆ సంకోచం ఏ కాగితంలోనూ కనిపించదు కాబట్టి దాన్ని పట్టుకోవడం కష్టం, ముందే నివారించడం తేలిక.

మీ దేశంలోని చట్టాన్ని ముందుగా చదవండి. పైన చెప్పిన ఒప్పందం ప్రకారం సహేతుకమైన సర్దుబాటును, అంటే సంస్థ మీద మోయలేని భారం పడకుండా చేయగల ఏర్పాటును, నిరాకరించడం కూడా వివక్షే. ఉన్నత విద్య 24వ అధికరణంలోకి, ఉద్యోగం 27వ అధికరణంలోకి వస్తాయి. కనుక ఏర్పాట్లు చేయడం దయ చూపడం కాదు, సంస్థ నెరవేర్చవలసిన బాధ్యత. ఈ విషయంపై పంపే ప్రతి ఆదేశం, ప్రతి సర్క్యులర్ బాధ్యతను చెప్పే భాషలోనే ఉండాలి.

ఈ దశ ముగిసేసరికి చేతిలో ఉండవలసినవి:
– బాధ్యుడి నియామక ఉత్తర్వు, అందులో అధికారాల వివరం
– సంఘ సభ్యుల జాబితా, సమావేశాల తేదీలు
– ప్రత్యేక బడ్జెట్ పద్దు
– పాలకమండలి ఆమోదించిన సమాన అవకాశాల విధానపత్రం

2. ఉన్న పరిస్థితిని కళ్లారా చూడడం

సర్వే ఫారాలతో మొదలుపెట్టకండి. ఒక మనిషి ఒక రోజంతా నడిచే దారిని మొదటి నుంచి చివరిదాకా అనుసరించండి. వీల్‌చైర్ వాడే విద్యార్థి హాస్టల్ గది నుంచి బయలుదేరి తరగతికి, అక్కడి నుంచి మరుగుదొడ్డికి, భోజనశాలకు, గ్రంథాలయానికి, ఫీజు కట్టే కిటికీకి వెళ్లి తిరిగి గదికి చేరేదాకా ఆ విద్యార్థితోనే ఉండి, ఎక్కడ ఆగవలసి వచ్చిందో, ఎవరిని పిలవవలసి వచ్చిందో, ఎంతసేపు వేచి ఉండవలసి వచ్చిందో రాసుకోండి. అదేవిధంగా చూపు లేని ఉద్యోగితో ఒక రోజు, వినికిడి లోపం ఉన్న పరిశోధక విద్యార్థితో ఒక రోజు గడపండి. వారి సమ్మతి ముందుగా తీసుకోవాలి.

ఇలా వెంట నడిస్తేనే అసలు అడ్డంకులు బయటపడతాయి. ర్యాంపు చక్కగా ఉంటుంది. దాని చివర ఉన్న పక్క తలుపుకు తాళం వేసి ఉంటుంది. తాళంచెవి కాపలాదారు దగ్గర ఉంటుంది. ఆయన భోజనానికి వెళ్లి ఉంటారు. కొలతల పట్టికలో ఈ భవనానికి పూర్తి మార్కులు పడతాయి, విద్యార్థి మాత్రం పాఠం సగం అయ్యాక లోపలికి వస్తాడు. లిఫ్టు ఉన్న భవనంలో అది వారానికి ఎన్నిసార్లు ఆగుతుందో, బాగుచేయడానికి ఎన్ని రోజులు పడుతుందో లాగ్ పుస్తకం చూసి రాసుకోవాలి. దారి గొలుసు వంటిది. ఒక్క లంకె తెగినా మిగతావన్నీ ఉండి లాభం లేదు.

చూపున్నవారు కళ్లకు గంతలు కట్టుకుని నడవడం, నడవగలిగేవారు గంటసేపు వీల్‌చైర్‌లో కూర్చోవడం వంటి కార్యక్రమాలు వద్దు. వాటివల్ల కలిగేది భయం, జాలి. ఏళ్ల తరబడి ఆ జీవితానికి అలవాటుపడిన వ్యక్తికి ఉండే నేర్పు వాటిలో ఏమాత్రం తెలియదు.

3. అడగడం నుంచి అందడం దాకా ఒకే దారి

ఏర్పాటు కావలసిన వ్యక్తి ఒకే చోట, ఒకేసారి అడగాలి. ప్రతి సెమిస్టర్‌లో ప్రతి అధ్యాపకుడి దగ్గరకూ వెళ్లి తన వైకల్యాన్ని మళ్లీ మళ్లీ వివరించవలసి రావడం ఎంత అలసట కలిగిస్తుందో అనుభవించినవారికే తెలుసు. చాలామంది ఆ అలసటకు జంకి అసలు అడగడమే మానేస్తారు. అప్పుడు సంస్థ 'మా దగ్గర అలాంటి విద్యార్థులు లేరు' అనే నిర్ణయానికి వస్తుంది.

వరుస ఇలా ఉండాలి. ప్రవేశ ప్రకటనలోనే, ఉద్యోగ ప్రకటనలోనే సంప్రదించవలసిన చోటు రాయాలి. చేరిన తొలి వారంలో అందరికీ ఇచ్చే దరఖాస్తులో 'మీకు వైకల్యం ఉందా' అని మాత్రమే అడిగి వదిలేయకుండా, 'చదువు లేదా పని సాఫీగా సాగడానికి మీకు ఏ ఏర్పాటు కావాలి' అని అడగాలి. తర్వాత బాధ్యుడు ఆ వ్యక్తితో కూర్చుని మాట్లాడి, ఒప్పుకున్న ఏర్పాట్లను రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ పత్రంలో ఏర్పాట్లు మాత్రమే ఉండాలి. వ్యాధి పేరు, వైద్య నివేదిక అధ్యాపకులకు వెళ్లకూడదు. 'ఈ విద్యార్థికి పరీక్షలో అదనపు సమయం, పాఠ్యసామగ్రి ముందుగా' అన్న సమాచారం అధ్యాపకుడికి చాలు.

శాశ్వత వైకల్యానికి ఏటా కొత్త ధ్రువపత్రం అడగకూడదు. జవాబు ఇవ్వడానికి గడువు పెట్టండి. పది పనిదినాలు దాటనివ్వకండి. పూర్తి ఏర్పాటుకు సమయం పడితే అందాకా తాత్కాలిక ఏర్పాటు వెంటనే మొదలవ్వాలి. కాదన్న సందర్భంలో కారణం రాసి ఇవ్వాలి, దానిపై అప్పీలు చేసుకునే అధికారి వేరుగా ఉండాలి. ప్రమాదంలో చెయ్యి విరిగి రెండు నెలలు రాయలేని విద్యార్థి కూడా ఈ దారినే రాగలగాలి.

4. దారులు, భవనాలు

కొత్త నిర్మాణాల ప్లాన్లు సంఘం చూసి సంతకం పెట్టనిదే టెండరుకు వెళ్లకూడదు. కట్టాక పగలగొట్టడం కన్నా కాగితం మీద గీత మార్చడం ఎంతో చవక. పాత భవనాల్లో అన్నీ ఒకేసారి మార్చలేనప్పుడు తరగతుల పట్టికను మార్చండి: పైఅంతస్తులో జరిగే తరగతిని కింది అంతస్తుకు తేవడానికి ఒక రోజు చాలు, లిఫ్టు రావడానికి రెండేళ్లు పట్టవచ్చు.

ఇంజినీరింగ్ విభాగంతో మాట్లాడేటప్పుడు దగ్గర ఉంచుకోవలసిన కొలతలు ఇవి. మీ దేశ ప్రమాణం ఇంతకన్నా కఠినంగా ఉంటే దాన్నే పాటించాలి.
– ర్యాంపు వాలు 1:12 మించకూడదు. అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకు కనీసం 1.8 మీటర్ల పొడవు, 45 సెంటీమీటర్లకు 5.4 మీటర్లు. రెండు వైపులా పట్టుకడ్డీలు ఉండాలి.
– తలుపు తెరిచాక మిగిలే ఖాళీ 90 సెంటీమీటర్లు ఉండేలా చూడాలి. గడప ఎత్తుగా ఉండకూడదు.
– వీల్‌చైర్ తిరగడానికి 1.5 మీటర్ల వ్యాసం గల ఖాళీ స్థలం కావాలి.
– స్విచ్చులు, లిఫ్టు బొత్తాలు, హాజరు యంత్రాలు నేల నుంచి 90 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలి.
– లిఫ్టు బొత్తాల మీద ఉబ్బెత్తు అంకెలు, బ్రెయిలీ, లోపల అంతస్తును పలికే శబ్దం ఉండాలి.
– మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి లేదా పక్కకు జరగాలి. కుర్చీ నుంచి సీటు మీదికి మారడానికి ఒక పక్క ఖాళీ, పట్టుకడ్డీలు, కింద పడినా చేతికందే సహాయ గంట తాడు ఉండాలి.

ఈ మరుగుదొడ్డి చీపుళ్లు, విరిగిన కుర్చీలు దాచే గదిగా మారకుండా వారానికోసారి తనిఖీ చేయాలి. ఇది చిన్న విషయంగా తోచవచ్చు గాని, సరైన మరుగుదొడ్డి లేక పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా గడిపే విద్యార్థినికి ఇదే అన్నిటికన్నా పెద్ద విషయం.

ఒక మాట తరచూ మరిచిపోతారు: తరగతి గదిలో విద్యార్థులు కూర్చునేచోటికి దారి ఉంటుంది, వేదిక మీదికి ఉండదు. వీల్‌చైర్ వాడే వ్యక్తి పాఠం వినేవారే అవుతారు, చెప్పేవారు కాలేరు అన్న ఊహ ఆ వేదిక మెట్లలో ఉంది. వేదికలకు, సెనేట్ హాలుకు, స్నాతకోత్సవ మంటపానికి కూడా ర్యాంపు కావాలి.

5. పాఠ్యసామగ్రి, వెబ్‌సైట్లు

తక్కువ ఖర్చుతో ఎక్కువ మార్పు వచ్చేది ఇక్కడే. చూపు లేనివారు కంప్యూటర్‌ను, ఫోన్‌ను స్క్రీన్ రీడర్ సాయంతో వాడతారు. తెర మీది అక్షరాలను అది చదివి వినిపిస్తుంది. ఎన్‌వీడీఏ అనేది ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్. టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్లు ఫోన్లలోనే ఉంటాయి. కాబట్టి పరికరం సాధారణంగా సమస్య కాదు, మనం ఇచ్చే ఫైలే సమస్య.

పుస్తకం పేజీలను ఫొటో తీసి పీడీఎఫ్‌గా పంపితే అందులో ఉన్నది బొమ్మే తప్ప అక్షరాలు కావు. పరీక్షించడం తేలిక: ఫైలు తెరిచి ఒక వాక్యాన్ని మౌస్‌తో ఎంచుకుని చూడండి. ఎంపిక కాకపోతే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. తెలుగులో ఇంకో చిక్కు ఉంది. పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసిన పాఠం కంటికి చక్కటి తెలుగులాగే కనిపిస్తుంది, కాపీ చేసి మరోచోట అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. స్క్రీన్ రీడర్ చదివి వినిపించేదీ ఆ గుర్తులనే. ప్రశ్నపత్రాలు, సర్క్యులర్లు, పాఠాలు అన్నీ యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటరైనా అక్షరాలను ఒకేలా గుర్తించే ప్రమాణం) టైపు చేయాలని ఉత్తర్వు ఇవ్వండి; పాతవాటిని మార్పిడి సాధనంతో మార్చి, ఒక మనిషి చదివి సరిచూడాలి.

అధ్యాపకులు పాటించవలసిన జాబితా:
– శీర్షికలను అక్షరం పెద్దది చేసి కాకుండా, వర్డ్‌లోని హెడింగ్ స్టైల్‌తో పెట్టాలి.
– ప్రతి బొమ్మకు, గ్రాఫ్‌కు వివరణ రాయాలి. 'గ్రాఫ్' అని రాస్తే చాలదు. అందులో ఏం పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్నది చెప్పాలి.
– గణిత సమీకరణాలను బొమ్మలుగా అతికించకుండా సమీకరణాల ఎడిటర్‌తో టైపు చేయాలి.
– రంగుతో మాత్రమే తేడా చూపకూడదు.
– వీడియోలకు ఉపశీర్షికలు ఉండాలి. యంత్రం తయారుచేసినవాటిలో సాంకేతిక పదాలు తరచూ తప్పుగా వస్తాయి కాబట్టి ఒకసారి దిద్దాలి.
– చదవవలసిన పుస్తకాల జాబితాను సెమిస్టర్ మొదలవడానికి కనీసం 6 వారాల ముందు ఇవ్వాలి. వాటిని అనువైన రూపంలోకి మార్చడానికి గ్రంథాలయానికి ఆ సమయం కావాలి.

పుస్తకాలను ఇలా మార్చడానికి కాపీరైట్ అడ్డు వస్తుందని గ్రంథాలయాలు భయపడతాయి. 2013 నాటి మరాకేష్ ఒప్పందం సరిగ్గా ఇందుకోసమే వచ్చింది. చూపు లేనివారికి, అచ్చుపుస్తకం చదవలేని ఇతరులకు అనువైన ప్రతులు తయారుచేసుకునే వెసులుబాటును అందులో చేరిన దేశాలు తమ చట్టాల్లో కల్పించాలి.

వెబ్‌సైట్ విషయంలో, వెబ్ ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ వైకల్యం గలవారి సౌలభ్యం కోసం ప్రకటించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణంలో 'డబుల్ ఏ' (మధ్య) స్థాయిని లక్ష్యంగా పెట్టుకోండి. దాని ప్రకారం మామూలు అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) 4.5:1 నిష్పత్తికి తగ్గకూడదు. నిపుణులు రాకముందే మీరు చేయగల పరీక్ష ఒకటుంది: మౌస్‌ను పక్కన పెట్టి, కీబోర్డు మీటలతో మాత్రమే ఫీజు కట్టి, హాల్ టికెట్ దించుకుని చూడండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ చాలామంది విద్యార్థులూ ఆగిపోతున్నారు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనే టెండరులో ఈ షరతు చేర్చి, చెల్లింపుకు ముందు స్క్రీన్ రీడర్ వాడే వ్యక్తితో పరీక్ష చేయించాలి.

6. తరగతి గది, ప్రయోగశాల

'నా గొంతు పెద్దది, మైకు అక్కర్లేదు' అనే అధ్యాపకులు ప్రతి విభాగంలో ఉంటారు. మైకు వాడాలి. వినికిడి లోపం ఉన్న విద్యార్థి ఆ సంగతి బయటకు చెప్పకపోవచ్చు. విద్యార్థుల ప్రశ్నను మైకులో మళ్లీ చెప్పాకే జవాబివ్వాలి. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదవులు చూసి గ్రహించేవారికి ఆ వాక్యం పోయినట్టే. బోర్డు మీద రాసినదాన్ని 'ఇది', 'అది' అనకుండా పైకి చదవాలి.

సంజ్ఞా భాషా అనువాదకులు గంటకు పైబడిన పాఠానికి ఇద్దరు కావాలి. సుమారు 20 నిమిషాలకోసారి మారకపోతే అలసటతో నాణ్యత పడిపోతుంది. పాఠంలోని సాంకేతిక పదాలను వారికి ముందురోజే ఇవ్వాలి. మాట్లాడేటప్పుడు విద్యార్థిని చూసి మాట్లాడాలి, అనువాదకుడిని కాదు.

ప్రయోగశాలలో ఎత్తు మార్చుకోగల బల్ల ఒక్కటైనా ఉండాలి. చేతులతో పరికరం పట్టలేని విద్యార్థి చెప్పినట్టు సహాయకుడు చేస్తే, ఆ ప్రయోగం విద్యార్థి చేసినట్టే లెక్కించి మార్కులు వేయాలి. పరీక్షిస్తున్నది ఆలోచననా, చేతి నేర్పునా అన్నది కోర్సు రూపొందించేటప్పుడే రాసిపెట్టుకుంటే తర్వాత వాదన ఉండదు. 'నీకు ఈ ప్రాక్టికల్ నుంచి మినహాయింపు ఇస్తున్నాం' అనడం ఉదారంగా కనిపించినా, ఆ విద్యార్థికి దక్కవలసిన చదువును తగ్గించడమే అవుతుంది.

7. పరీక్షలు

ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడ. అదనపు సమయం, లేఖకుడు (విద్యార్థి చెప్పే జవాబును రాసిపెట్టే వ్యక్తి), కంప్యూటర్, వేరే గది, మధ్యలో విరామం: ఎవరికి ఏది అన్నది పరీక్షకు నెల ముందే ఖరారై, విద్యార్థి చేతికి రాతలో అందాలి.

వరుసగా చూసుకోవలసినవి:
– కాలపట్టిక వేసేటప్పుడే అదనపు సమయాన్ని లెక్కించాలి. గంటకు 20 నిమిషాలు ఇస్తే 3 గంటల పరీక్ష 4 గంటలవుతుంది. అదే రోజు మధ్యాహ్నం మరో పరీక్ష ఉంటే ఆ విద్యార్థికి భోజనం చేసే వ్యవధి కూడా మిగలదు.
– ప్రశ్నపత్రం పెద్ద అక్షరాల్లో, బ్రెయిలీలో లేదా స్క్రీన్ రీడర్ చదివే ఫైలుగా, అందరికీ ఇచ్చిన నిమిషానికే అందాలి.
– లేఖకుడికి ఆ విషయం చదవడం, రాయడం వచ్చి ఉండాలి. గణితానికి సమీకరణాలు రాయడం తెలియని లేఖకుడిని ఇస్తే విద్యార్థి తన సమయాన్ని గుర్తులు వివరించడానికే ఖర్చు చేస్తాడు. ఇద్దరూ ముందురోజు ఒకసారి కలిసి సాధన చేయాలి.
– లేఖకుడు రాని పక్షంలో పిలవడానికి మరొకరి పేరు సిద్ధంగా ఉండాలి.
– లేఖకుడితో రాసే గది వేరుగా ఉండాలి, నిశ్శబ్దంగా ఉండాలి.
– ఇన్విజిలేటర్‌కు ఉత్తర్వు ప్రతి ముందే చేరాలి. పరీక్ష రోజు ఉదయం ద్వారం దగ్గర 'నాకు ఎవరూ చెప్పలేదు' అన్న మాట వినిపించకూడదు.

పొరపాటు జరిగినప్పుడు దాన్ని అక్కడికక్కడే సరిదిద్దే అధికారం కేంద్ర పర్యవేక్షకుడికి ఇవ్వండి: పోయిన నిమిషాలను కలపడం, గది మార్చడం వంటివి ఫైలు తిరిగి వచ్చేదాకా ఆగకూడదు.

8. ఉద్యోగులు

విద్యార్థుల కోసం ఎంతో చేసిన సంస్థలు కూడా ఉద్యోగుల దగ్గరకొచ్చేసరికి ఆగిపోతాయి. నియామక పరీక్ష, ఇంటర్వ్యూ రెండింటికీ ఏర్పాట్లు అడిగే అవకాశాన్ని పిలుపు లేఖలోనే ఇవ్వాలి. ఇంటర్వ్యూలో 'మీరు ఎలా సంభాళిస్తారు' వంటి ప్రశ్నలు అడగకూడదు. పనికి సంబంధించిన ప్రశ్న అందరికీ ఒకటే ఉండాలి.

చేరిన తర్వాత వరుస తరగతులు దూరపు భవనాల్లో పడకుండా చూడడం, జీతాల, సెలవుల పోర్టల్ స్క్రీన్ రీడర్‌తో పనిచేయడం, చికిత్స ఉన్న రోజుల్లో పనివేళలు సడలించడం వంటివి పెద్ద ఖర్చు లేని పనులు. సర్వీసు మధ్యలో వైకల్యం వచ్చినవారిని ఖాళీగా కూర్చోబెట్టడం గాని, రాజీనామా వైపు నెట్టడం గాని తగదు. సెలవులో ఉన్నప్పుడే వారితో మాట్లాడి, తిరిగి వచ్చే రోజుకు కుర్చీ, పరికరం, పనివిభజన సిద్ధం చేయాలి. పదోన్నతికి ప్రచురణల సంఖ్య లెక్కించేటప్పుడు అనారోగ్య సెలవు కాలాన్ని మినహాయించాలి.

9. అగ్నిప్రమాదం, ఇతర అత్యవసరాలు

మంటలు వచ్చినప్పుడు మామూలు లిఫ్టు వాడకూడదు. అయితే పైఅంతస్తులో వీల్‌చైర్‌లో ఉన్నవారు ఎలా దిగాలి? ఈ ప్రశ్నకు ప్రతి భవనానికీ రాతలో జవాబు ఉండాలి. అవసరమున్న ప్రతి వ్యక్తికీ విడిగా ఒక తరలింపు ప్రణాళిక, మెట్ల మీద దింపే ప్రత్యేక కుర్చీ, దాన్ని వాడడం వచ్చిన ఇద్దరు ముగ్గురు సిబ్బంది, వినిపించనివారికి మెరిసే దీపపు హెచ్చరిక కావాలి. తరలింపు కసరత్తు (మాక్ డ్రిల్) చేసేటప్పుడు వారిని 'మీరు కూర్చోండి' అని వదిలేయకుండా చేర్చాలి.

10. తరచూ కనిపించే లోపాలు, వాటి దిద్దుబాటు

శిక్షణ ఒక్కరోజు సదస్సుగా ముగిసిపోతుంది. దానికి బదులు పరీక్షల విభాగానికి పరీక్షలకు ముందు, అధ్యాపకులకు సెమిస్టర్‌కు ముందు, కాపలా సిబ్బందికి చేరిన వారంలో, వారి పనికి సరిపడేది మాత్రమే గంటసేపు నేర్పించండి.

ఏర్పాట్లన్నీ ఒక దయగల గుమాస్తా మీద నడుస్తుంటాయి. ఆయన బదిలీ కాగానే అన్నీ ఆగిపోతాయి. ప్రతి ఏర్పాటుకూ చేసే పద్ధతిని రాసి, రెండో మనిషికి నేర్పి ఉంచాలి.

చూపు లేనివారికి దారి తెలియడానికి నేల మీద వేసే స్పర్శ గుర్తుల పలకలు నడవా మధ్యలో ఆగిపోతాయి, లేదా నేరుగా స్తంభానికి దారితీస్తాయి. వేసిన కాంట్రాక్టరు ఎదుట చూపు లేని వ్యక్తి తెల్లకర్రతో నడిచి చూశాకే బిల్లు మంజూరు చేయాలి.

ఫొటోల కోసం వైకల్యం గల విద్యార్థులను వేదిక మీదికి పిలుస్తారు, సమావేశానికి మాత్రం పిలవరు. సమ్మతి లేకుండా ఎవరి ఫొటో, కథ ప్రచారంలో వాడకూడదన్న నియమాన్ని విధానపత్రంలో చేర్చండి.

11. తొలి ఏడాది కాలక్రమం, లెక్క చూసుకోవడం

మొదటి 3 నెలల్లో బాధ్యుడు, సంఘం, నిధి, అభ్యర్థన దారి ఏర్పడాలి. తర్వాతి 3 నెలల్లో దారుల పరిశీలన ముగించి, తరగతుల మార్పు, తాళాలు, మైకులు, యూనికోడ్ ఉత్తర్వు వంటి వెంటనే చేయగలవాటిని పూర్తి చేయాలి. మూడో త్రైమాసికంలో పరీక్షల విధానం, వెబ్‌సైట్ మరమ్మతులు. చివరి త్రైమాసికంలో భవనాల మార్పులకు అంచనాలు, వచ్చే ఏటి బడ్జెట్.

ప్రతి సెమిస్టర్ చివర ఈ అంకెలు తీసి, పేర్లు లేకుండా బహిరంగంగా ప్రకటించండి: ఎన్ని అభ్యర్థనలు వచ్చాయి, ఎన్ని గడువులోపు తీరాయి, ఎన్ని తిరస్కరించారు, లిఫ్టులు ఎన్ని రోజులు ఆగాయి, వైకల్యం గల విద్యార్థుల్లో ఎంతమంది చదువు మధ్యలో ఆపారు, ఎంతమంది ఉద్యోగులు చేరారు, ఎంతమంది వెళ్లిపోయారు. ఒక శాఖ నుంచి అభ్యర్థనలే రాకపోతే అక్కడ అవసరం లేదని అనుకోకుండా, బాధ్యుడు స్వయంగా ఆ శాఖకు వెళ్లి అడగడానికి ఎవరు, ఎందుకు జంకుతున్నారో కనుక్కోవాలి. మధ్యలో మానేసినవారికి కూడా ఉత్తరం రాసి కారణం అడగాలి. వారి జవాబులే తర్వాతి ఏడాది పనుల జాబితాలో మొదటి వరుసలో ఉండాలి.